చేయి పట్టని చోట కారే డ్రైనేజీ పైపు: పూత వద్దు, కోసి అతకండి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో డ్రైనేజీ పైపు కారడానికి పేరుపడ్డ చోట్లు కొన్నే. రెండు బాత్రూముల మధ్య పైపులు దిగే ఇరుకు డక్ట్, పై ఫ్లాట్ బాత్రూమ్ స్లాబుకూ మన ఫాల్స్ సీలింగ్‌కూ మధ్య ఉండే సందు, వంటింటి సింకు కింద కేబినెట్ వెనక పైపు గోడలోకి పోయే దగ్గర. వీటిలో ఎక్కడా మనిషి తిన్నగా నిలబడి రెండు చేతులతో పని చేసుకునే వీలుండదు. అందుకే వచ్చిన ప్లంబర్ కనిపించిన వైపు ఇంత ఎంసీల్ (రెండు ముద్దలు పిసికి కలిపే ఎపాక్సీ మందు) మెత్తి, దానిమీద తెల్ల సిమెంటు పూసి వెళ్లిపోతాడు. కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. తప్పు ఎంసీల్‌ది కాదు. గోడకూ పైపుకూ మధ్య రెండు వేళ్ల సందే ఉంటే పైపు వెనక వైపుకి చేయి పోదు. అటు పైపు తుడవలేం, గరుకు చేయలేం, మందు నొక్కలేం. నీళ్లు అటునుంచే దారి వెతుక్కుంటాయి.

ఇలాంటి చోట చెడిపోయిన ముక్కను కోసేసి, పైపును అటూ ఇటూ కదపకుండానే ఎక్కించగలిగే కప్లర్లతో, అంటే రెండు పైపు కొసలను కలిపే తొడుగులతో, కొత్త ముక్క వేయడమే నికరమైన పని. వినడానికి పెద్ద పనిలా ఉన్నా, సామాను సరిగ్గా తెచ్చుకుంటే ఒక పూటలో అయిపోతుంది. ఇద్దరు మనుషులు కావాలి: ఒకరు పైపు దగ్గర, ఒకరు పైన నల్లాలు, ఫ్లష్‌లు ఎవరూ వాడకుండా కాపలా.

కారేది ఏ నీళ్లు?

పగలగొట్టే ముందు ఇది తేలాలి. బాత్రూముకు నీళ్లొచ్చే వాల్వు రాత్రి కట్టేసి పొద్దున్న చూడండి. అప్పటిదాకా ఆగకుండా పడుతున్న చుక్క వాల్వు కట్టాక తగ్గితే అది సప్లై లైను, డ్రైనేజీ కాదు. స్నానం చేసినప్పుడో, ఫ్లష్ కొట్టినప్పుడో మాత్రమే కారితే డ్రైనేజీ. ఒక మెలిక ఉంది. మన దగ్గర చాలా బాత్రూముల స్లాబు కిందికి దింపి, ఆ గుంతలో ఇటుక ముక్కలో మట్టో నింపి పైన టైల్స్ వేస్తారు. ఆ నింపుడులో నీళ్లు నిలిస్తే, వాడకం ఆపిన తరువాత కూడా రెండు మూడు రోజులు చుక్కలు పడుతూనే ఉంటాయి. కాబట్టి ఒక్క రాత్రి చూసి తీర్పు చెప్పేయకండి.

తరువాత బట్టలకు వేసే నీలిమందు తెచ్చుకోండి. బకెట్లో కలిపి ఒక్కో చోటు నుంచి విడివిడిగా వదలాలి, ఒక్కోదానికీ మధ్య కనీసం అరగంట ఆగాలి. ముందు వాష్ బేసిన్. తరువాత నేలమీది నీళ్లు పోయే నహానీ ట్రాప్‌లోకి, నేల తడవకుండా గరాటుతో నేరుగా. ఆ తరువాత ట్రాప్‌ను గుడ్డతో మూసేసి, నేలమీద ఒక అంగుళం నీళ్లు నిలబెట్టి చూడాలి. ఆఖరున ఫ్లష్ ట్యాంకులో. ట్రాప్‌లో పోసినప్పుడు కారకుండా, నేలమీద నిలబెట్టినప్పుడే కింద నీలం కనిపిస్తే పైపుది తప్పు కాదు. టైల్స్ సందులూ ట్రాప్ చుట్టూ ఉన్న అంచూ చూసుకోవాలి. ఈ ఒక్క పరీక్ష చేయక, బాగున్న పైపును కోసుకున్న ఇళ్లు చాలానే ఉంటాయి. కింద తెల్ల సీలింగ్ ఉంటే ముందే ప్లాస్టిక్ షీటు కట్టి బకెట్ పెట్టండి, నీలం మరక పోదు.

ఏ చోటి నీళ్లో తెలిశాక, ఏ జాయింటో తేల్చాలి. చుక్క పడే చోటూ, కారే చోటూ ఒకటి కావు. వాలుగా ఉన్న పైపు అడుగున నీటి చార పాకి, పైపు మలుపు తిరిగే బెండు దగ్గరో, పైపును పట్టి ఉంచే క్లాంపు దగ్గరో రాలుతుంది. పైపంతా పొడిగుడ్డతో తుడిచి, ప్రతి జాయింటుకూ టిష్యూ పేపరు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. నీళ్లు వదిలి రెండు నిమిషాలాగి చూడండి. తడిసినవాటిలో అన్నిటికంటే ఎగువన ఉన్నదే దొంగ. వెనక వైపు చూడాలంటే ఫోనును సెల్ఫీ స్టిక్‌కు తగిలించి టార్చి వేసి వీడియో తీస్తే సరిపోతుంది. మరీ ఇరుకైతే ఫోనుకు తగిలించే సన్నని కేబుల్ కెమెరా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

ఎందుకు కారిందో తెలియకుండా అతకొద్దు

డ్రైనేజీ పైపులో ఒత్తిడి ఉండదు, నీళ్లు అడుగున పారుకుంటూ పోతాయి. అందుకే జాయింటు బలహీనంగా ఉన్నా ఏళ్ల తరబడి కారకపోవచ్చు. దిగువన ఎక్కడో అడ్డుపడి పైపు నిండుగా నిలిచిన రోజున అదే జాయింటు బయటపడుతుంది. కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు, మొదటి ఫ్లోర్ వాళ్లు ముందుగా కాంపౌండ్‌లోని మురుగు పైపులు కలిసే చాంబర్ మూత తీయించి చూడాలి. చాంబర్ నిండి ఉంటే అడ్డు తీయించనిదే పైపు ముట్టుకోవద్దు. రోడ్డుమీది మ్యాన్‌హోల్ పొంగుతుంటే అది నగర నీటి, మురుగు సంస్థ జలమండలి పని, 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. చాంబర్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దింపకండి. 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా దింపడం నేరం, పైగా లోపలి గ్యాసుకు ప్రాణాలు పోతాయి.

రెండో పెద్ద కారణం క్లాంపులు లేకపోవడం. స్లాబు కింద వేలాడే 110 మి.మీ. పైపుకు మీటరుకొక క్లాంపు ఉండాలి. మూడు మీటర్లకు ఒకటి కొట్టి వదిలేస్తే నడుమ వంగుతుంది, ఆ వంపులో మురికి కూర్చుంటుంది, బరువు పెరిగి పక్క జాయింటు నోరు తెరుచుకుంటుంది. అలాంటి చోట జాయింటు ఎన్నిసార్లు బాగుచేసినా లాభం లేదు, ముందు పైపును లేపి కట్టాలి. వాలు మీటరుకు 2 సెం.మీ. దాకా ఉండాలి. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో చూస్తే తెలిసిపోతుంది.

వంటింటి పైపు సంగతి వేరు. పీవీసీ పైపు 60 డిగ్రీల దాకా ఫర్వాలేదు, 80 దగ్గరికి వస్తే మెత్తబడుతుంది. పొయ్యి మీంచి దించిన గంజి, నూడుల్స్ ఉడికించిన నీళ్లు రోజూ సింకులో వంపేస్తుంటే మొదటి బెండు వంకరపోయి జాయింటు వదులవుతుంది. గంజి వంపేటప్పుడు పక్కనే నల్లా తిప్పి ఉంచితే చాలు. కేబినెట్ వెనక అయితే ఎలుకలూ పందికొక్కులూ కొరికే ముడతల పైపు ఒకటి ఉంటుంది. దానికి రిపేరు అక్కర్లేదు, తీసేసి గట్టి పైపు వేయండి.

ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. డక్ట్‌లో ఎండ తగిలే 3 మీటర్ల పీవీసీ పైపు, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు మారితే ఇంచుమించు 5 మి.మీ. పెరిగి తరుగుతుంది. రబ్బరు రింగు జాయింట్లలో ఆ కదలికకు చోటుంటుంది. అన్నీ పీవీసీ అతికే జిగురైన సాల్వెంట్‌తో అతికించేసి రెండు కొసలా గోడలో బిగించిన పైపు ఏదో ఒక జాయింటు దగ్గర చీలుతుంది. ఇక డక్ట్ గోడలో రావి మొక్క మొలిచి ఉంటే దాని వేరు జాయింటులోకి పోయిందేమో చూడండి. పైన కోసేస్తే మళ్లీ వస్తుంది, వేరుతో తీయాలి.

ఒక్కోసారి పని చాలా చిన్నది. క్లీనింగ్ కోసం మూత ఉన్న డోర్ బెండో డోర్ టీయో (మూడు నోళ్ల జోడింపు) కారుతుంటే, మూత కింది రబ్బరు వాషర్ ఎండిపోయి ఉంటుంది. స్క్రూలు విప్పి, అంచు శుభ్రం చేసి, కొత్త వాషర్ వేసి, ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగిస్తే అయిపోతుంది. ఒకే మూల గట్టిగా బిగిస్తే మూత పగులుతుంది.

కొలత, సామాను

చేయి పట్టని పైపుకు స్కేలు పెట్టలేం. దారం చుట్టి చుట్టుకొలత తీసుకోండి. 15.7 సెం.మీ. వస్తే 50 మి.మీ. పైపు, 19.8 వస్తే 63, 23.6 వస్తే 75, 28.3 వస్తే 90, 34.6 వస్తే 110. జాయింటు మీద కాకుండా ఖాళీ పైపు మీద చుట్టాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా పట్టించుకోనక్కర్లేదు.

పైపు అడిగేటప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ టైప్ బి అని అడగండి, ఎస్‌డబ్ల్యూఆర్ అంటే మరుగుదొడ్డి నీళ్లు, వాడిన నీళ్లు, వాన నీళ్లు పోయే పైపులు. భారత ప్రమాణం ఐఎస్ 13592 గుర్తుతో పైపుమీదే ముద్ర ఉంటుంది. టైప్ ఎ వాన నీళ్లకూ గాలి పైపులకూ ఉద్దేశించింది. 110 మి.మీ. సైజులో టైప్ ఎ గోడ మందం 2.2 మి.మీ. ఉంటే టైప్ బి 3.2 మి.మీ. ఉంటుంది. బయటినుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ధర చూసి మోసపోకండి.

అసలు కీలకం కప్లర్. మామూలు కప్లర్ లోపల నడిమధ్యన చిన్న గట్టు ఉంటుంది, పైపు అక్కడికొచ్చి ఆగడానికి. అలాంటిది ఎక్కించాలంటే పైపును పొడవునా వెనక్కి జరపాలి, డక్ట్‌లో అది కుదరదు. రెండు వైపులా రబ్బరు రింగులుండి నడుమ గట్టు లేని కప్లర్ కావాలి. షాపులో రిపేర్ కప్లర్ అనో స్లిప్ కప్లర్ అనో అడగండి. దొరక్కపోతే రింగు కప్లరే తీసుకుని లోపలి గట్టును అర్ధచంద్రాకారపు ఆకురాయితో పూర్తిగా అరగదీయవచ్చు. వేలు పెట్టి తడిమితే నున్నగా తగలాలి, కొంచెం మిగిలినా పైపు దానికి పట్టేస్తుంది. సాల్వెంట్‌తో అతికే కప్లర్‌ను ఇలా జరిపి అతికిద్దామనుకోవద్దు. సాల్వెంట్ క్షణాల్లో పట్టేస్తుంది, సగం జరిగి ఆగిపోతే మళ్లీ కోసుకోవడమే.

వీధి చివరి హార్డ్‌వేర్ షాపులో ఇవి ఉండకపోవచ్చు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లోనో అడిగితే దొరుకుతాయి. ఫోనులో ఫోటోతో పాటు దారం కొలత కూడా రాసుకుని వెళ్లండి. ఒక జాయింటు బాగుకు రెండు రిపేర్ కప్లర్లు, అర మీటరు నుంచి మీటరు పైపు, పైపు సైజు క్లాంపులు మూడు నాలుగు, వాటికి స్క్రూలు, 80 నంబరు గరుకు కాగితం రెండు షీట్లు, ఆకురాయి, హాక్సా బ్లేడ్లు మూడు, మేస్త్రీలు వరుస చూసుకునే నైలాన్ దారం ఒక ఉండ, రబ్బరు రింగు లూబ్రికెంట్ చాలు. లూబ్రికెంట్ లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ వాడొచ్చు. గ్రీజు, ఇంజన్ ఆయిల్ మాత్రం పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

చెడింది టీ గానీ బెండు గానీ అయితే కొత్త ఫిట్టింగు, దానికి ఎన్ని నోళ్లుంటే అన్ని రిపేర్ కప్లర్లు, ఒక చిన్న డబ్బా సాల్వెంట్ కూడా కావాలి. ఇది ఎలా వాడాలో కింద చెప్తాం.

పని మొదలుపెట్టే ముందు

డక్ట్‌లోని నిలువు పైపు అందరిదీ. పై ఫ్లోర్ల వాళ్లందరికీ ముందురోజే చెప్పాలి, లిఫ్టు దగ్గర కాగితం అంటించాలి. అందరూ ఆఫీసులకూ స్కూళ్లకూ వెళ్లాక, పదకొండు నుంచి రెండున్నర మధ్య మంచి సమయం. అయినా ఎవరో ఒకరు మరిచిపోయి ఫ్లష్ కొడతారు, దానికి సిద్ధపడే కళ్లద్దాలూ గ్లోవ్సూ వేసుకోండి.

ఫాల్స్ సీలింగ్ పైన పని అయితే ఆ బాత్రూమ్ లైటు, గీజరు ఎంసీబీలు దించేయండి. తడి సీలింగ్‌లో వైర్లు నానుతుంటాయి. డక్ట్‌లో పావురాల రెట్ట పొరలు పొరలుగా ఉంటుంది. పొడిగా ఊడ్చితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ముందు నీళ్లు చల్లి తడిపి, ఎన్95 మాస్కు పెట్టుకుని, పారతో ఎత్తండి. మొదటి ఫ్లోర్ దాటి డక్ట్‌లో వేలాడి చేయాల్సిన పని ఇంట్లోవాళ్లు చేయకూడదు. తాడు పని తెలిసినవాళ్లను పిలవండి. వాళ్లకూ పట్టీలున్న సేఫ్టీ బెల్టు, అది కాక విడిగా మరో తాడు ఉండాల్సిందే. నడుముకు ఒక్క తాడు కట్టుకుని దిగుతానంటే ఒప్పుకోకండి.

కోత

బ్లేడు పెట్టకముందే క్లాంపులు వేయాలి. కోసే చోటికి రెండు వైపులా, పావు మీటరు లోపు, ఒక్కో క్లాంపు గట్టిగా బిగించండి. నిలువు పైపులో పైనున్న పైపంతా బరువుగా ఉంటుంది. క్లాంపు లేకుండా కోస్తే పైభాగం జారి కోత మూసుకుపోతుంది, లేదా పైన ఇంకో జాయింటు ఊడుతుంది. క్లాంపు వేయడానికి గోడ అందకపోతే పైన ఇంకాస్త ఎగువన వేసి, కింద ఇటుకలు పేర్చి ఆనించండి.

ఎంత కోయాలి? కప్లర్ పొడవు కొలవండి, 12 సెం.మీ. అనుకుందాం. పాత పైపు రెండు కొసల్లోనూ ఒక్కోచోట కనీసం 6 సెం.మీ. తిన్నని, నున్నని పైపు మిగలాలి. కొత్త ముక్క రెండు కప్లర్లూ పూర్తిగా దానిమీదే దాచుకోగలిగేంత, అంటే 25 సెం.మీ. పైన ఉంటే పని సులువు. కాబట్టి చెడిన జాయింటు చిన్నదే అయినా 26 సెం.మీ. కోసేయండి. తక్కువ కోసి పొదుపు చేద్దామనుకుంటే కప్లర్‌ను పాత పైపు మీదికి పూర్తిగా ఎక్కించాల్సి వస్తుంది, అక్కడ క్లాంపో గోడో అడ్డుపడుతుంది.

కోత గీతకు ఒక కాగితం పట్టీ పైపు చుట్టూ తిప్పి అంచులు కలిపితే అదే నిటారు గీత. ఇప్పుడు ఇరుకు సమస్య. హాక్సా ఫ్రేము పట్టదు. బ్లేడు ఒక కొసకు గుడ్డ చుట్టి టేపు వేసి, పళ్లు మనవైపు వాలేలా పట్టుకుంటే లాగేటప్పుడు కోస్తుంది, వంగదు. ముందు వైపూ పక్కలూ దీంతో అయిపోతాయి. వెనక వైపు బ్లేడు కూడా పోకపోతే నైలాన్ దారం. రెండు మీటర్ల దారాన్ని పైపు వెనకనుంచి తిప్పి రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, కవ్వం తాడులా ఎడాపెడా లాగండి. రాపిడి వేడికి పీవీసీ కరిగి తెగుతుంది. చిన్న చిన్న లాగుడు కాదు, మూర పొడవు లాగాలి, దారంలో ఒకే చోటు రాసుకుంటే తెగిపోతుంది. మధ్యలో ఆపితే కరిగిన పీవీసీ చల్లబడి దారాన్ని పట్టేస్తుంది. 110 మి.మీ. పైపుకు మూడు నాలుగు దారాలు తెగడం మామూలే. పొగ వాసన వస్తుంది, గాలి ఆడేలా చూసుకోండి.

కోశాక ఎగువ కొసలో గుడ్డ మూట కుక్కండి. మూటకు తాడు కట్టి తాడు కొస బయట గోడకు కట్టేయాలి. తాడు లేని మూట జారి లోపలికి పోతే ఆ అడ్డు తీయడం ఈ రిపేరు కంటే పెద్ద పని. దిగువ కొసలో కూడా అలాగే ఒకటి పెడితే వాసన రాదు, పనిముట్లు లోపల పడవు.

అతుకు

ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. కోసిన అంచులో గరుకుగా లేచిన బూరు ఉంటుంది. లోపలిది కత్తితో గీకేయండి, వదిలేస్తే జుట్టూ పీచూ దానికే తగులుకుంటాయి. బయటి అంచును ఆకురాయితో చుట్టూ ఏటవాలుగా, ఒక 5 మి.మీ. వెడల్పున అరగదీయాలి. ఈ ఏటవాలు లేకపోతే పైపు లోపలికి దూరేటప్పుడు రబ్బరు రింగును గాడిలోంచి తోసేస్తుంది. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, నీళ్లు వదిలితే కారుతుంది. రింగు జాయింట్లు విఫలమవడంలో ఎక్కువ భాగం ఇదే. వెనక వైపు ఆకురాయి పోకపోతే గరుకు కాగితాన్ని రెండు వేళ్ల వెడల్పు పట్టీగా చించి, బూటు పాలిష్ చేసినట్టు వెనకనుంచి తిప్పి లాగండి. పాత పైపుమీది సిమెంటు, ఎంసీల్, పెయింటు మరకలు కూడా 6 సెం.మీ. మేర ఇలాగే పోవాలి.

ఇప్పుడు ఖాళీని కొలిచి, దానికంటే 1 సెం.మీ. తక్కువగా కొత్త ముక్క కోయండి. ఆ సెంటీమీటరు పైపు ఎండకు పెరగడానికి. కొత్త ముక్క రెండు కొసలూ ఏటవాలు చేయండి. పాత పైపు రెండు కొసలమీదా కప్లర్‌లో సగం దూరం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. కప్లర్ సరిగ్గా నడుమ కూర్చుందో లేదో తరువాత చెప్పేది ఆ గీత ఒక్కటే. రింగులు బయటికి తీసి, గాడి తుడిచి, మళ్లీ సరిగా కూర్చోబెట్టండి. రింగులమీదా పైపు కొసలమీదా లూబ్రికెంట్ పల్చగా పూసి, రెండు కప్లర్లూ కొత్త ముక్క మీదికి పూర్తిగా తోసేయండి. గుడ్డ మూటలు తీసి, ముక్కను ఖాళీలో నిలబెట్టి, కింది కప్లర్‌ను ముందుగా పాత పైపు మీదికి మెల్లగా తిప్పుతూ గీత దాకా జరపండి. తరువాత పైది. సుత్తితో కొట్టొద్దు. కదలకపోతే మళ్లీ లూబ్రికెంట్ రాసి తిప్పండి. ఒక చోట గట్టిగా తగులుతున్నట్టు అనిపిస్తే రింగు మడతపడిందని అర్థం, వెనక్కి లాగి చూడండి.

రింగు జాయింటుకు ఊడకుండా పట్టుకునే శక్తి లేదు, నీళ్లు ఆపే శక్తే ఉంది. కొత్త ముక్కకు కూడా ఒక క్లాంపు వేస్తేనే పని పూర్తయినట్టు.

టీ మార్చాల్సి వస్తే ఇరుకులో మూడు నోళ్లకు ఒక్కొక్కటిగా అతికించబోకండి. కింద నేలమీద కూర్చుని, టీ మూడు నోళ్లకూ పైపు ముక్కలు సాల్వెంట్‌తో అతికించుకుని, ఆరాక, మొత్తాన్ని ఒకే వస్తువుగా తీసుకెళ్లి రిపేర్ కప్లర్లతో కలపండి. సాల్వెంట్ జాయింటుకు ముందు పొడిగా దూర్చి లోతు గీత పెట్టుకోవాలి, టీ పక్క నోరు ఏ వైపు తిరగాలో కూడా ఇంకో గీత. తరువాత పైపు బయటా ఫిట్టింగు లోపలా పూసి, గీత దాకా దూర్చి, పావు వంతు తిప్పి, అర నిమిషం పట్టుకోవాలి. మే నెలలో పూసిన సాల్వెంట్ దూర్చేలోపే పొరకట్టేస్తుంది, పొద్దున్నే నీడలో చేసుకోండి. వానాకాలంలో ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది. సాల్వెంట్ ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు.

ఎక్కడ ఈ పద్ధతి పనికిరాదు

జాయింటు స్లాబుకు ఆనుకుని ఉంటే, అంటే ట్రాప్ స్లాబులోంచి బయటికి వచ్చిన చోటే కారుతుంటే, కప్లర్ ఎక్కడానికి 6 సెం.మీ. పైపు ఉండదు. కిందినుంచి పూసే ఏ మందూ ఇక్కడ నిలవదు, సిమెంటు పీవీసీకి అసలే అంటదు. పై ఫ్లాట్ వాళ్లను ఒప్పించి పైనుంచి తీయాల్సిందే. ట్రాప్ చుట్టూ అడుగున్నర చతురం టైల్స్ తీసి, ట్రాప్ మార్చి, వాటర్‌ప్రూఫ్ పూతను ట్రాప్ మెడ పైకి ఎక్కించి, మళ్లీ టైల్స్ వేయాలి. పైవాళ్ల ఇల్లు పగలగొట్టడం ఎందుకని కొందరు పైపు లోపల సన్నని పైపు దూర్చమంటారు. 75 మి.మీ. పైపులో 50 దూర్చితే జుట్టు పట్టి త్వరగా మూసుకుపోతుంది, అది వద్దు.

పాత బస్తీలోనూ, పాత ప్రభుత్వ క్వార్టర్లలోనూ ఇనుప పైపులు ఇంకా ఉన్నాయి. అవి ఒక్కో మీటరే చాలా బరువు. పైభాగానికి గట్టి ఆసరా లేకుండా నిలువు ఇనుప పైపు కోయడం ప్రాణాపాయం, ప్లంబర్‌కే వదిలేయండి. ఇనుమునూ పీవీసీనీ కలపడానికి స్టీలు పట్టీలతో బిగించే రబ్బరు స్లీవు వాడమనండి, సిమెంటుతో పూడ్చడం కాదు. ఇలాంటి ఇళ్లలో బాత్రూమ్ కడగడానికి యాసిడ్ వాడితే ఇనుమూ, సిమెంటు జాయింట్లూ, క్లాంపులూ తినేస్తుంది. ఆస్బెస్టాస్ సిమెంటు పైపు అయితే బ్లేడు అసలు పెట్టకండి. ఆ దుమ్ము పీలిస్తే ఏళ్ల తరువాత ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. తడిపి, జాయింటు దగ్గర విప్పి, పైపును మొత్తంగా మార్చాలి.

మరి ఎంసీల్ ఎప్పుడు? డ్రిల్లు తగిలిన చిన్న బొక్క, చేయి పట్టే ముందు వైపున ఉంటే నిక్షేపంగా వాడొచ్చు. పైపు పూర్తిగా ఆరాలి. చుట్టూ 3 సెం.మీ. మేర గరుకు చేసి తుడవాలి. రెండు ముద్దలూ సమానంగా తీసుకుని రంగు ఒక్కటయ్యేదాకా పిసకాలి, చారలు కనిపిస్తే ఇంకా కలవలేదని. అరసెంటీమీటరు మందాన నొక్కి, అంచులు పల్చగా పామి, ఒక రోజంతా నీళ్లు వదలకుండా ఉంచాలి.

పరీక్ష, మూత

రింగు జాయింటుకు ఆరే పని లేదు, వెంటనే నీళ్లు వదలొచ్చు. మళ్లీ టిష్యూ చుట్టి, ముందు ఒక చెంబు, తరువాత ఒక బకెట్ ఒక్కసారిగా, తరువాత వరుసగా మూడు ఫ్లష్‌లు. సాల్వెంట్ జాయింట్లు ఉంటే మర్నాటి పొద్దున దాకా ఆగితే మంచిది. టిష్యూ రెండు రోజులు అలాగే ఉంచండి. వేడినీళ్ల స్నానాలు అయ్యాక కూడా పొడిగా ఉంటే సరే. ఆవిరి వల్ల పైపు బయట చెమ్మ పట్టి టిష్యూ మెత్తబడవచ్చు, కానీ చార కట్టదు. చార ఉంటేనే లీకు.

ఫాల్స్ సీలింగ్‌ను మళ్లీ పూర్తిగా మూసేయకండి. రిపేరు చేసిన చోటికి సరిగ్గా కింద, భుజం దూరేలా 45 సెం.మీ. చతురపు మూత పెట్టించండి. బాత్రూమ్ ఆవిరికి జిప్సం ఉబ్బుతుంది కాబట్టి పీవీసీ షీటు మూత మేలు. దాన్ని పుట్టీతో అతికించకుండా నాలుగు స్టీలు స్క్రూలతో బిగించమనండి. మూత లోపలి వైపు పైపు సైజు, వేసిన తేదీ మార్కర్‌తో రాసిపెట్టండి, ఈసారి వచ్చే ప్లంబర్‌కు దారం కొలత అక్కర్లేదు.